స్పిట్జ్‌కి గుండు కొట్టిస్తే: జున్ను కేసు

జున్ను మా క్లినిక్‌కి మొదటిసారి వచ్చింది 2023 నవంబరు రెండో వారంలో. ఇండియన్ స్పిట్జ్ జాతి కుక్క, మగది, నాలుగేళ్లు దాటాయి, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించలేదు, బరువు 8.6 కేజీలు. వాళ్ల టీకాల కార్డు మీద పమేరియన్ అని రాసుంది. బెజవాడలో తెల్లగా, బొచ్చుగా, మూతి కోసుగా ఉన్న ప్రతి కుక్కనీ పమేరియన్ అనే అంటారు కాబట్టి నేనూ దిద్దలేదు, కానీ అసలు పమేరియన్ మూడున్నర కేజీలకు మించి ఉండకూడదు, మన ఇళ్లలో ఉన్నవి తొంభై శాతం స్పిట్జ్‌లే అని నా అనుభవం.

తెచ్చింది అజిత్ సింగ్ నగర్‌లో ఉండే ఒక రిటైర్డ్ టీచరు గారు. చలి లేదు, వాన లేదు, అయినా కుక్కని స్నానం తువ్వాలులో మెడ దాకా చుట్టి ఎత్తుకొచ్చారు. ఏంటమ్మా, జ్వరమా అని అడిగితే, "కాదండీ, వీధిలో పిల్లలు నవ్వుతున్నారు" అన్నారు. తువ్వాలు తీశాక అర్థమైంది. తల నిండుగా ఉంది, చెవుల చుట్టూ జూలు అలాగే ఉంది, మోచేతుల కింద, మోకాళ్ల కింద మేజోళ్లు తొడిగినట్టు తెల్లటి బొచ్చు. మధ్యలో ఒళ్లంతా బోడి. వెన్ను మీద అక్కడక్కడ దూది పింజెల్లా మెత్తటి వెంట్రుకలు, తొడల వెనక, తోక మొదట్లో అదీ లేదు. చర్మం లాంతరు చిమ్నీకి మసి పట్టినట్టు నల్లబడింది.

కథ ఆవిడ చెప్పిన వరుసలోనే చెబుతాను. ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయి, కుక్క రోజంతా నాలుక బయట పెట్టి రొప్పుతోంది, పాపం అంత బొచ్చుతో ఎలా ఉంటుంది అని దగ్గరలోని గ్రూమింగ్ సెంటర్‌కి తీసుకెళ్లి మెషిన్‌తో జీరో కొట్టించారు. వాళ్లు కూడా వద్దనలేదు, రెండు నెలల్లో వచ్చేస్తుంది అన్నారట. జూన్ అయింది, జులై అయింది, రాలేదు. ఆగస్టులో వేరే చోట రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ తక్కువ ఉందన్నారు, రోజుకి రెండు పూటలా 100 మైక్రోగ్రాముల థైరాక్సిన్ బిళ్ల మొదలైంది. మూడు నెలలు వాడారు, ఒక్క వెంట్రుక రాలేదు సరికదా పొట్ట జారింది, నీళ్లు తెగ తాగుతోంది, రాత్రుళ్లు హాల్లో గచ్చు మీద మూత్రం పోసేస్తోంది. నాలుగేళ్లలో ఏనాడూ ఇంట్లో పొయ్యని కుక్క. తిండి చూస్తే ఆవురావురుమంటోంది.

ఇక్కడ కొంచెం ఆగి, అసలు గుండు దగ్గర ఏం జరిగిందో చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరకొచ్చే స్పిట్జ్ యజమానులందరి మనసులోనూ ఉండే లెక్క ఒకటే: తిరుమలలో గుండు కొట్టించుకుంటే ఆర్నెల్లకి దువ్వెన పడుతుంది, కుక్కకీ అంతే. మన తల వెంట్రుక ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంటుంది, అందుకే నెలనెలా మంగలి దగ్గరికి వెళ్తాం. పూడుల్ కుక్కది కూడా దాదాపు ఆ బాపతే. స్పిట్జ్ జాతులది అలా కాదు. పమేరియన్, చౌ చౌ, సమాయెడ్, హస్కీ, మన ఇండియన్ స్పిట్జ్, వీటన్నిటికీ వెంట్రుక ఒక పొడవుకి పెరిగి ఆగిపోతుంది, ఆ తర్వాత కుదురులో నెలల కొద్దీ అలాగే కూర్చుంటుంది. ఏ రోజు చూసినా ఎక్కువ కుదుళ్లు విశ్రాంతిలోనే ఉంటాయి. విశ్రాంతిలో ఉన్న వెంట్రుకని మెషిన్‌తో కోసేస్తే కుదురుకి ఆ సంగతే తెలియదు. దాని టైమ్ వచ్చినప్పుడే లేస్తుంది. చాలా వాటికి ఆరు నెలల నుంచి ఏడాది, కొన్నిటికి ఏడాదిన్నర, రెండేళ్లు. కొన్నిటికి మునుపటిలా రానే రాదు.

రెండు పొరలున్న బొచ్చులో లోపలి మెత్తటి ఊలు ముందు తిరిగొస్తుంది, పైన ఉండే గట్టి పొడుగు వెంట్రుకలు ఆలస్యంగా వస్తాయి. అందుకే గుండు తర్వాత మూడు నాలుగు నెలలకి చాలా స్పిట్జ్‌లు తడిసిన దూదిలా కనిపిస్తాయి.

సరే, జున్ను. నల్లబడిన చర్మం, దురద లేకుండా రెండు వైపులా సమానంగా బోడి, తల, కాళ్లు బాగుండటం చూస్తే నా మనసులోకి వచ్చినవి నాలుగు. ఒకటి గుండు తర్వాత బొచ్చు రాకపోవడం. రెండోది అలోపీషియా ఎక్స్, అంటే స్పిట్జ్ జాతుల్లో, ఎక్కువగా మగవాటిలో, ఒకటి నుంచి మూడేళ్ల వయసులో మొదలయ్యే, కారణం పూర్తిగా తేలని, కుదుళ్లు పని మానేసే జబ్బు. దాన్లో కుక్క మాత్రం హాయిగా ఆడుతూ పాడుతూ ఉంటుంది, పోయేది అందం ఒక్కటే. మూడు థైరాయిడ్. నాలుగు కుషింగ్స్, అంటే ఒళ్లు తనంతట తాను తయారుచేసుకునే స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ ఎక్కువవడం. మొదటి రెంటిలో దాహం, ఆకలి పెరగవు. థైరాయిడ్ తక్కువైన కుక్క మందంగా పడుకుంటుంది, తినకపోయినా లావెక్కుతుంది, అంతేగానీ గిన్నెలకి గిన్నెలు నీళ్లు తాగదు. థైరాక్సిన్ మోతాదు ఎక్కువైతే దాహం పెరగొచ్చు, కానీ ఈ బరువుకి రోజుకి రెండుసార్లు 100 అంటే ఎక్కువేం కాదు, నిజానికి తక్కువే.

దాహం అనే మాటని నేను ఊరికే నమ్మను. లీటరు బాటిల్‌తో కొలిచి పొయ్యండి, 24 గంటల్లో ఎంత తాగిందో రాయండి, ఇంట్లో మిగతా నీళ్ల బకెట్లకి మూతలు పెట్టండి అని పంపాను. మర్నాడు ఫోన్: 1,150 మి.లీ. కుక్క కేజీ బరువుకి రోజుకి 100 మి.లీ. దాటితే అది జబ్బు దాహమే. 8.6 కేజీలకి 860 దాటకూడదు.

పరీక్షలు: మూడు చోట్ల బ్లేడుతో చర్మం గీరి మైక్రోస్కోప్ కింద చూశాను, కుదుళ్లలో చేరి బొచ్చు ఊడగొట్టే డెమోడెక్స్ పురుగులు లేవు. లాగి చూసిన వెంట్రుకలన్నిటి మొదళ్లూ విశ్రాంతి దశవే. టేప్ అంటించి చూస్తే గజ్జల్లో ఈస్ట్, కొంచెం బాక్టీరియా. ఫంగస్ కల్చర్ నెగటివ్. రక్తంలో కాలేయ ఎంజైమ్ ఏఎల్‌పీ 742, అంటే బాగా ఎక్కువ, తెల్లకణాల్లో ఈసినోఫిల్స్ దాదాపు సున్నా, లింఫోసైట్లు తక్కువ, కొలెస్ట్రాల్ ఎక్కువ. థైరాయిడ్ హార్మోన్ టీ4 0.7, తక్కువే. కానీ థైరాయిడ్‌ని పని చెయ్యమని తరిమే టీఎస్‌హెచ్, గ్రంథి నిజంగా చెడితే సాధారణంగా పెరిగేది, మామూలుగా ఉంది, ఆగస్టులో అసలు అది చేయించనే లేదు.

అంతా కుషింగ్స్ వైపే చూపిస్తోంది. పొట్ట కింద చర్మం ఉల్లిపొరలా పల్చబడి లోపలి రక్తనాళాలు కనబడుతున్నాయి, నల్లటి మొటిమల్లాంటి చుక్కలు. కానీ నాలుగేళ్ల కుక్కకి కుషింగ్స్ ఏంటి? అది సాధారణంగా ముసలితనం జబ్బు. కుషింగ్స్‌ని తేల్చే డెక్సామెథసోన్ పరీక్ష పెడదామా, మూడుసార్లు రక్తం తియ్యాలి, రోజంతా ఇక్కడే ఉంచాలి, ఖర్చు కూడా తక్కువేం కాదు అని లెక్కలేస్తూ, ముందు ఒక్క కార్టిసాల్ పంపించాను. వచ్చిన రిపోర్టు చూసి ల్యాబ్‌కి ఫోన్ చేసి శాంపిల్ మారిపోయిందేమో కనుక్కోమన్నాను. 0.6. అసలు లేనట్టే.

ఒంటి నిండా కార్టిసాల్ ఎక్కువైన గుర్తులు, రక్తంలో చూస్తే కార్టిసాల్ లేదు. దీనికి మామూలుగా ఒకటే అర్థం. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తోంది, దాంతో ఒంట్లో తయారయ్యేది ఆగిపోయింది.

నా తప్పు ఇక్కడే ఉంది. మొదటి రోజు నేను "మందులేమైనా వాడుతున్నారా" అని అడిగాను. థైరాయిడ్ బిళ్ల తప్ప ఏమీ లేదన్నారు. ఇంజెక్షన్లు? లేవండీ. మళ్లీ అడిగాను, అదే మాట. మూడోసారి మాట మార్చి, "ఒంటికి ఏం రాస్తున్నారమ్మా" అన్నాను. "రాసేది అయితే కొబ్బరి నూనె, ఇంకా దురదకి ఆ ట్యూబు, అది మందు కాదుగా, పూతే కదా" అన్నారు. మర్నాడు ఒక క్యారీబ్యాగ్ తెచ్చి టేబుల్ మీద బోర్లించారు. చదునుగా పిండేసి, టూత్‌పేస్ట్ ట్యూబులా కింద నుంచి గుండ్రంగా చుట్టిన 15 గ్రాముల ట్యూబులు, లెక్కపెడితే పదకొండు. పారెయ్యబుద్ధి కాక దాచారట, డబ్బులు పెట్టి కొన్నవి కదా అని. అన్నీ ఒకటే: క్లోబెటసాల్, దానికి తోడు ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయోటిక్. జులైలో బొచ్చు రాని చోట కొంచెం గోక్కుంటుంటే మెడికల్ షాపులో అడిగారు, ఇచ్చారు. రాసిన రెండు రోజులకి దురద పోయింది, మానేస్తే వచ్చింది, మళ్లీ రాశారు. అలా నవంబరు దాకా.

చర్మానికి రాసే స్టెరాయిడ్లలో అన్నిటికంటే ఘాటైన వర్గంలోది క్లోబెటసాల్. మనుషులకే వారాల మీద వాడొద్దంటారు. ఇక్కడ ఎనిమిదిన్నర కేజీల కుక్క, ఒళ్లంతా బోడి, అంటే రాసినదంతా నేరుగా లోపలికి పోయే చర్మం, పైగా రాసిన ప్రతిసారీ వెనక్కి తిరిగి నాకేసింది. పూత మందుని పూటకో గోలీగా మింగినట్టే అయింది. గుండు వల్ల బొచ్చు ఆలస్యమైంది, అది సహజంగా ఏ జనవరికో వచ్చేది. స్టెరాయిడ్ కూడా కుదుళ్లని ఆపుతుంది, నిద్రపోతున్నవాడికి నిద్రమాత్ర వేసినట్టు. అదే స్టెరాయిడ్ రక్తంలో టీ4ని కూడా పడగొడుతుంది, ఆగస్టు రిపోర్టులో కనిపించింది ఆ పడిపోయిన టీ4యే. ఆ డాక్టర్ని నేను తప్పుపట్టను, ట్యూబు సంగతి ఆయనకీ ఎవరూ చెప్పి ఉండరు. కానీ ఒక్క టీ4 చూసి థైరాయిడ్ అని తేల్చడం మాత్రం మానుకోవాలి.

దీన్ని పూర్తిగా రూఢి చెయ్యాలంటే కార్టిసాల్ తయారుచెయ్యమని ఒంటిని తరిమే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి, ముందూ తర్వాతా కార్టిసాల్ చూడాలి. ఆ వారంలో నాకది దొరకలేదు, పదకొండు ట్యూబులు కళ్ల ముందు పెట్టుకుని దానికోసం ఆగబుద్ధీ కాలేదు.

వైద్యంలో అందరూ పొరబడే చోటు: బదులేమీ ఇవ్వకుండా ట్యూబు టక్కున ఆపేయడం. ఒంట్లో సొంత కార్టిసాల్ లేదు, బయటిదీ ఆపేస్తే కుక్క వాంతులతో, నీరసంతో కుప్పకూలే ప్రమాదం ఉంది. అందుకే ట్యూబు ఆ రోజే ఆపించి, బదులుగా ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ సిరప్, ఒంటికి రోజూ కావలసినంత మాత్రమే, కేజీకి 0.2 మి.గ్రా. లోపు, అదీ ఆరు వారాల్లో తగ్గిస్తూ రోజు విడిచి రోజుకి తెచ్చి ఆపాను. అన్నం ముట్టకపోయినా, వాంతి అయినా, వణికినా అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యమన్నాను. ఒకసారి చేశారు, రాత్రి పదకొండింటికి, తీరా చూస్తే పక్కింటివాళ్లు పెట్టిన పులిహోర తిని కక్కింది. ఇది చదివి మీ కుక్కకి మీరే సిరప్ కొలిచి పొయ్యకండి, కుక్కని బట్టి మోతాదు మారుతుంది.

థైరాక్సిన్ ఆపేశాం. ఈస్ట్ కోసం క్లోర్‌హెక్సిడిన్, మైకొనజోల్ ఉన్న షాంపూ, వారానికి రెండుసార్లు, రాసి పది నిమిషాలు ఉంచి కడగాలి. ఆ పది నిమిషాలే ఎవరూ ఉంచరు, గడియారం చూసుకోమన్నాను.

తిండి విషయం కొంచెం రాజకీయమే అయింది. జున్ను ఆహారం ఆ శాకాహారపు ఇంటికి తగ్గట్టు పెరుగన్నం, పప్పన్నం. కుక్క తినే ప్రొటీన్‌లో పావు వంతుకి పైగా చర్మానికి, బొచ్చుకే పోతుందని చెబితే, గుడ్డు మా వంటింట్లోకి రాదండీ అన్నారు. చివరికి మేడ మీద చిన్న ఎలక్ట్రిక్ కెటిల్‌లో ఉడికించే ఏర్పాటు జరిగింది, సగం డాగ్ ఫుడ్, సగం ఇంటి తిండి, రోజుకొక గుడ్డు, చేపనూనె క్యాప్సూల్. ఇవి బొచ్చుని మొలిపించవు, మొలిచేదానికి సరుకు అందిస్తాయి, అంతే.

జనవరి మొదట్లో నీళ్లు 480 మి.లీ.కి దిగాయి, పొట్ట ఎక్కింది, గచ్చు ఆరింది. థైరాక్సిన్ ఆపిన ఎనిమిది వారాలకి టీ4 చేయిస్తే 1.9. థైరాయిడ్‌కి ఏ రోగమూ లేదు. బొచ్చు మాత్రం ఎక్కడిదక్కడే. ఆవిడకి టెన్షన్, నాకూ కొంచెం. అప్పుడు నిద్రకి సంబంధించిన హార్మోన్ మెలటోనిన్ 3 మి.గ్రా. రెండు పూటలా మొదలుపెట్టాను. దానివల్లే వచ్చిందా, కాలం గడిచి వచ్చిందా అంటే నేను ఒట్టేసి చెప్పలేను. కొన్ని కుక్కల్లో పని చేస్తుంది, హాని తక్కువ, ఖాళీగా కూర్చోలేని యజమానికి చేతికి ఒక పని.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఫోటో పంపారు. కుడి తొడ వెనక, నల్లటి చర్మం మధ్యలో, రూపాయి బిళ్లంత మేర తెల్లటి కుచ్చు, పూజ గదిలో వత్తుల దూది అంటించినట్టు. ఇంకెక్కడా లేదు. నా నోట్సు తీసి చూస్తే సరిగ్గా అక్కడే నవంబరులో బ్లేడుతో గీరాను. ఇది స్పిట్జ్‌లలో తెలిసిన వింతే, చర్మానికి చిన్న దెబ్బ తగిలిన చోట కుదుళ్లు మేలుకుంటాయి. దీన్నే ఆధారం చేసుకుని 2015లో అలోపీషియా ఎక్స్ ఉన్న తోబుట్టువులైన రెండు పమేరియన్లకి సన్నటి సూదుల రోలర్‌తో వైద్యం చేసి బొచ్చు మొలిపించిన రిపోర్టు కూడా ఉంది. ఇది చెప్పడం నా పొరపాటు. "అయితే ఒళ్లంతా గీరెయ్యండి డాక్టర్ గారూ" అన్నారు. మత్తు ఇచ్చి చెయ్యాలి, ఇప్పుడే కార్టిసాల్ కోలుకున్న కుక్క, మొలక కనబడింది కదా, ఆగుదాం అన్నాను. మార్చి ఆఖరుకి వెన్నంతా లోపలి ఊలు పరుచుకుంది.

ఏప్రిల్ వచ్చింది. ఫోన్ వస్తుందనుకున్నాను, వచ్చింది. "42 డిగ్రీలు చూపిస్తోందండీ, ఒళ్లంతా వద్దులెండి, పొట్ట కింద అయినా కొంచెం..."

ఒక మాట ఒప్పుకోవాలి, ప్రాక్టీస్ మొదలుపెట్టిన కొత్తలో వేసవికి బొచ్చు తీయించండి అని నేనే చెప్పేవాణ్ని. కుక్క మనలా ఒంటికి చెమట పట్టించి చల్లబడదు, రొప్పి చల్లబడుతుంది, చెమట పట్టేది పాదాల అడుగున మాత్రమే. ముడి పడకుండా దువ్విన రెండు పొరల బొచ్చులో గాలి నిలిచి ఎండ వేడిని చర్మం దాకా రానివ్వదు, పాత పెంకుటింట్లో అటక చేసే పని. గుండు కొట్టిస్తే అటక పీకేసి రేకుల కింద కూర్చోబెట్టినట్టు. తెల్ల స్పిట్జ్ చర్మం మామూలుగా గులాబీ రంగు, ఎండకి కమిలిపోతుంది కూడా. కత్తెర పడాల్సినవి పాదాల కింద వేళ్ల మధ్య, మలద్వారం చుట్టూ, అంతే. ముడులు పడి ఫెల్టులా గట్టిపడిపోయినా, గాయానికి కుట్లేయాలన్నా తియ్యక తప్పదు, అది వేరే సంగతి.

కావలసింది దువ్వడం. అందరూ పైపైన దువ్వుతారు, పైన మెరుస్తుంది, లోపల ఊలు ముద్దగా ఉంటుంది. ఎడమ చేత్తో బొచ్చుని పైకెత్తి పట్టుకుని, చర్మం గీతలా కనబడేలా పాయ తీసి, ఆ గీత దగ్గర్నుంచి కొసకి దువ్వాలి, మళ్లీ అర అంగుళం పైన ఇంకో పాయ. ఇనప దువ్వెన చర్మం దాకా దిగి ఆగకుండా బయటికి రావాలి. చెవుల వెనక, చంకల్లో, తొడల వెనక ముందు చూడాలి, ముడులు పుట్టేది అక్కడే. వారానికి మూడుసార్లు, బొచ్చు రాలే రోజుల్లో రోజూ. స్నానం నెలకొకసారి చాలు, మన షాంపూ వద్దు, అది మన చర్మానికి తగిన ఆమ్లగుణంతో ఉంటుంది, కుక్క చర్మానికి పడదు. స్నానం కంటే ఆరబెట్టడం ముఖ్యం. నడక తెల్లారి ఐదున్నరకి, సాయంత్రం అయితే సిమెంటు రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఐదారు సెకన్లు ఆనించి చూసి.

ఆరబెట్టడం ఎంత ముఖ్యమో ఆ సెప్టెంబరులో బుడమేరు వాగు వరద చెప్పింది. 2024 సెప్టెంబరు 1న సింగ్ నగర్ మునిగింది కదా, వాళ్ల కింది అంతస్తులోకి నీళ్లు వచ్చాయి, పై వాటాలో కరెంటు లేకుండా రోజుల తరబడి ఉన్నారు, మెట్ల మీద వరద నీళ్లలో తడిసిన జున్నుని ఫ్యాన్ కింద ఆరబెట్టే దారి లేదు. వచ్చేసరికి నడుము మీద అరచేతి మేర చెమ్మపుండు, రసి కారుతోంది. దాని చుట్టూ కొంత బొచ్చు నేనే తియ్యాల్సి వచ్చింది. కత్తెర పట్టుకుంటే ఆవిడ మొహం చూడలేకపోయాను. ఆ చోటే మళ్లీ అన్నిటికంటే ఒత్తుగా వచ్చింది, తొడ మీద కుచ్చులాగే.

2024 డిసెంబరుకి పైపొర కూడా నిండింది. తోక మొదట్లో రెండు వేళ్ల వెడల్పు మాత్రం ఇంకా పల్చన. అంటే అడుగున అలోపీషియా ఎక్స్ కూడా ఉందేమో అనే అనుమానం నాకు పోలేదు. ఆపరేషన్ చేయిస్తే కొన్ని మగకుక్కలకి ఆ లోటూ పూడుతుంది అని చెప్పాను, పూడకపోవచ్చు అని కూడా చెప్పాను. ఆలోచిస్తాం అన్నారు.

2025 మార్చిలో క్యారీబ్యాగ్‌తో మళ్లీ వచ్చారు. నాకు గుండె ఆగినంత పనైంది, మళ్లీ ట్యూబులేమో అని. విప్పితే దాన్నిండా తెల్లటి ఊలు, మూడు రోజుల దువ్వుడు. "మళ్లీ ఊడిపోతోందండీ" అంటున్నారు, కళ్లలో నీళ్లు ఒక్కటే తక్కువ. జున్నుని బల్ల మీదికి ఎక్కించి వెన్ను మీద పాయ తీశాను. రాలుతున్న పాత ఊలు కింద, గులాబీ రంగుకి తిరిగిన చర్మం మీద, కొత్త వెంట్రుకల కొసలు సూదుల్లా నిలబడి ఉన్నాయి. ఎండాకాలం ముందు స్పిట్జ్ చెయ్యాల్సిన పనే చేస్తోంది. ఏం రాయమంటారు అని అడిగారు. ఏమీ రాయొద్దు, దువ్వండి అన్నాను.